పాలసీసా పట్టేంత బ్యాగు

మార్చి 3, సోమవారం

మళ్ళీ డ్యూటీలో చేరాను. పాపకి అయిదో నెల. కళ్ళద్దాల షాపు వెనక గది నేను లేకపోయినా బాగానే నడిచిందట, అదే కాస్త బాధ. నేను లెన్సులు అరగదీసే మిషను మీద ఎవరో టీ గ్లాసు పెట్టి మరక చేశారు. ఎవరో ఏమిటి, పాయింట్ ఫైవే. ఫ్రేముల్లో లెన్సులు బిగించే అతనికి ఆ పేరు నేనే పెట్టాను. ఏ లెన్సు చేతికిచ్చినా పైకెత్తి చూసి, పవర్లో పాయింట్ ఫైవ్ తేడా ఉంది మేడమ్ అంటాడు.

మధ్యాహ్నం స్టోర్ రూములో గడియ పెట్టుకుని, ఫ్రేముల అట్టపెట్టెల మధ్య కూర్చుని పంపుతో పాలు తీశాను. ఒక సీసా అయ్యాయి. కంటి చుక్కలమందులు పెట్టే ఫ్రిజ్‌లో వెనక్కి దాచాను. సాయంత్రం మా ఆయన పాత లాప్‌టాప్ బ్యాగులో వేసుకుని సైకిల్ మీద ఇంటికి తెచ్చాను. పది నిమిషాల దారి. అత్తయ్య అందుకుని ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టారు. ఆ ఫ్రిజ్ ఆవిడ రాజ్యం, అందులో నేను చెయ్యి పెట్టను. రేపు నేను లేనప్పుడు పాప తాగుతుంది.

గర్వంగా ఉంది. ఎవరితో చెప్పుకుంటాను, అందుకే ఇక్కడ.

మార్చి 4

విరిగిపోయాయట. పారబోశారట. పాపకి డబ్బా పాలు పట్టారట.

మార్చి 5

ఇవాళా అంతే. అత్తయ్యని గుచ్చి గుచ్చి అడిగాను. ఎలా విరిగాయి, ఎప్పుడు చూశారు అని. విరిగిన పాలు నాకు తెలియవా అన్నారు. ఆ మాట వచ్చాక ఇంకేం అడుగుతాం? డబ్బా పాలకేమొచ్చింది, మీ ఆయన డబ్బా పాలతోనే ఇంతవాడయ్యాడు, అప్పట్లో నా పాలు మంచివి కావు, వాడికి పడలేదు అని కూడా అన్నారు. కూరగాయలు తరుగుతూ, చాలా మామూలుగా అన్నారు.

మా ఆయన నెలాఖరు దాకా చూద్దాం అన్నారు. అప్పటికీ ఇంతే అయితే పంపు పక్కన పెట్టెయ్, లేదా ఉద్యోగం మానెయ్, నువ్విలా నలిగిపోతుంటే నేను చూడలేను అని. ప్రేమగానే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. రెండూ నావే, ఏది మానాలి?

నా అనుమానం బ్యాగు మీద. దారిలో పాలు వేడెక్కుతూ ఉండాలి, లేకపోతే కుదుపుకి ఏదో అవుతూ ఉండాలి. కనిపెడతాను.

మార్చి 7

లాప్‌టాప్ బ్యాగు మీద విచారణ ముగిసింది. ఖాళీదే రోకలంత బరువు. అదొక్కటే కాదు. పెద్ద బ్యాగు ఖాళీగా కనిపిస్తే మా ఇంట్లో ఎవరి ప్రాణమూ ఊరుకోదు. వచ్చేటప్పుడు ఉల్లిపాయలు తే, గొడుగు కూడా పెట్టుకో, ఈ చీరలు ఇస్త్రీకి ఇచ్చెయ్. నిన్న నా పాలసీసా కిలో ఉల్లిపాయల కింద పడుకుని ఇంటికొచ్చింది.

కాబట్టి చిన్నది కావాలి. సీసా, ఫోను, తాళాలు పడితే చాలు. ఎవరూ ఒక్క ఉల్లిపాయ కూడా దూర్చలేనంత చిన్నది.

మార్చి 10

పక్కింటి అమ్మాయి పాత స్కూలు బ్యాగు అడిగి తెచ్చుకున్నాను. వీపుకి తగిలించుకుంటే చేతులు ఖాళీ, బరువే తెలియలేదు. అబ్బ, ఇన్నాళ్ళూ ఈ బుద్ధి ఏమైంది అనుకున్నాను. ఇంటికొచ్చి దించితే వీపంతా తడి. బ్యాగు లోపల చెయ్యి పెడితే అప్పుడే ఇస్త్రీ చేసిన చొక్కాలా వెచ్చగా తగిలింది. నా వీపు ఇంత పొయ్యి అని నాకే తెలియదు! రేపు అత్తయ్య ఏం చెప్తారో ఇప్పుడే రాసిపెట్టవచ్చు.

మార్చి 11

అదే చెప్పారు.

మార్చి 13

ఒంటి భుజానికి వేసుకునే గుడ్డ బ్యాగు. తేలికంటే తేలిక. కానీ మలుపు తిరిగినప్పుడల్లా వెనక నుంచి జారి పొట్ట మీదికొచ్చి కూర్చుంటుంది, తొక్కిన ప్రతిసారీ మోకాలు దాన్ని తంతుంది. సిగ్నల్ దగ్గర ఒక పెద్దాయన ఆగి, అమ్మా నీ బ్యాగు ముందుకొచ్చేసింది అన్నాడు. తెలుసండీ, అది నా మాట వినదు అన్నాను.

రోజుకో బ్యాగు ఏంటి మేడమ్, ఫ్యాషన్ షోనా అని పాయింట్ ఫైవ్ అడిగాడు. ఏదో చెప్పి తప్పించుకున్నాను. స్టోర్ రూము గడియ ఈ మధ్య ఇరుక్కోకుండా గమ్మున పడుతోంది. ఎవరో నూనె వేశారు.

మార్చి 14

సీసాకి టవల్ చుట్టి సైకిల్ ముందు బుట్టలో పెట్టాను. రోడ్డు తవ్విన చోట ఎగిరి పడింది, మూత ఊడింది. బుట్టలో పాలు, టవల్ నిండా పాలు, నా చెప్పుల మీద పాలు. సైకిల్ పక్కనే నిలబడి ఏడ్చాను, ఎవరు చూస్తే నాకేం అనుకుని. ఒక కుక్క వచ్చి టైరు శుభ్రంగా నాకి వెళ్ళింది. దానికి మాత్రం ఏ వంకా కనబడలేదు.

ఇంట్లో అత్తయ్య అల్మారాలోంచి డబ్బా దించి, చెంచా వెతికారు. ఒక్క మాట అనుంటే బాగుండేది, పోట్లాడేదాన్ని.

మార్చి 16, ఆదివారం

సైకిల్ సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్ళాను. సీసా నిండా నీళ్ళు పోసుకుని మరీ వెళ్ళాను. ఒక్కో బ్యాగులో సీసా పెట్టడం, తగిలించుకోవడం, ఆ గోడ నుంచి ఈ గోడ దాకా గెంతడం. మిగతా వాళ్ళు బేరాలు మానేసి నన్నే చూశారు. కొట్లో అమ్మాయి ఇంతకీ ఏం మోస్తారండీ అని అడిగింది. పాలు అన్నాను. ఆవువా, గేదెవా అంది. నావే అన్నాను. ఆ పిల్ల లోపలికి వెళ్ళి ఇంకో బ్యాగు తెచ్చింది.

రెండు అరచేతులంత ఉంది. భుజానికి ఒక పట్టీ, నడుముకి సన్నగా ఇంకో పట్టీ. ఆ రెండోదే అసలు కిటుకు! నడుము వెనక కుదురుగా కూర్చుంటుంది, వీపుకి అంటుకోదు, మలుపులో జారదు. మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోతుంది. సీసా అందులో నిలువుగా పట్టింది. ఇంటికొచ్చి, లెన్సుల పార్సిల్లో వచ్చే స్పాంజి కోసి చుట్టూ పెట్టాను. ఉల్లిపాయ దూర్చి చూశాను. పట్టలేదు.

ఇంతకన్నా మంచి బ్యాగు ఎక్కడా ఉండదు.

మార్చి 18

విరిగాయట.

నిన్న ఇల్లు చేరేసరికి సీసా ఇంకా చల్లగానే ఉంది, చెంపకి ఆనించి చూశాను. కుదుపు లేదు, చుక్క కారలేదు. అయినా విరిగాయట. తల ప్రాణం తోకకొచ్చింది.

బ్యాగు కాదన్నమాట. అయితే నేనా? అత్తయ్య పాలలాగే నా పాలు కూడా మంచివి కావా? రాశాక భయమేసింది, కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

మార్చి 20

పొద్దున్న మిషను ముందు కూర్చుంటే తట్టింది. లెన్సులో గీత పడితే మేం ఏం చేస్తాం? అదే పెట్టెలోంచి ఇంకో లెన్సు తీసి, మిషను ఎక్కించకుండా చూస్తాం. దాని మీదా గీత ఉంటే మిషను తప్పు కాదు. ఇంత తెలిసీ రెండు వారాలుగా బ్యాగుల చుట్టూ తిరిగాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఇవాళ పాలు రెండు సీసాల్లోకి తీశాను. ఒకటి బ్యాగులో ఇంటికి తెచ్చాను. రెండోది షాపు ఫ్రిజ్‌లోనే ఉంది. అది సైకిల్ ఎక్కదు, ఎండ చూడదు.

మార్చి 21, ఉదయం 9

షాపు సీసా చూశాను. పైన పచ్చగా, మందంగా ఒక పొర. కింద నీలంగా, నీళ్ళలా. అక్కడే అట్టపెట్టె మీద కూలబడ్డాను. ఎక్కడికీ కదలని సీసా ఇలా ఉందంటే తప్పు నాలోనే ఉంది.

ఉదయం 11

మనసు ఊరుకోలేదు. వెళ్ళి మూత తీసి వాసన చూశాను. పుల్లగా లేదు. చెంచాతో తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. తియ్యగా ఉంది. విరిగిన పాలు తియ్యగా ఎందుకుంటాయి? మూత పెట్టి సీసాని మెల్లగా గుండ్రంగా తిప్పాను. పొర కరిగినట్టు కరిగి, కలిసిపోయింది. పాలు. మామూలు పాలు!

పాపకి టీకాలు వేసే నర్సమ్మకి ఫోన్ చేశాను. ఆవిడ నవ్వింది. అది మీగడమ్మా, ఏ తల్లి పాలు నిలవ పెట్టినా అలాగే తేలుతుంది, తిప్పి పట్టు అంది. విరిగితే పుల్లటి కంపు కొడతాయట, ముద్దలు కట్టి ఎంత తిప్పినా కలవవట.

అంటే ఇన్నాళ్ళూ మంచి పాలు తూములోకి పోయాయి. ఆ స్టోర్ రూములో కూర్చుని తీసిన ప్రతి చుక్కా! ఆ బ్యాగులన్నిటికీ నేను క్షమాపణ చెప్పుకోవాలి.

సాయంత్రం

దారంతా మనసులో అత్తయ్యతో పోట్లాడుతూనే తొక్కాను. సాయంత్రానికి ఆ షాపు సీసాలో మళ్ళీ పొర తేలింది, కొత్త బ్యాగు ఎంత కుదురంటే ఇల్లు చేరే దాకా ఆ పొర చెదరలేదు. తీసి అత్తయ్య చేతికిచ్చాను. చూశావా, విరిగాయి అన్నారు. తీసుకుని ఆవిడ కళ్ళ ముందే తిప్పాను. కలిసిపోయాయి. ఇది మీగడ అత్తయ్యా, ఇన్నాళ్ళూ మీరు మంచి పాలు పారబోశారు అన్నాను. గొంతు పెంచే అన్నాను.

నీకేం తెలుసు అంటారనుకున్నాను. సీసా లైటు కింద పట్టుకుని తనే తిప్పారు. ఆగి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూశారు. మళ్ళీ తిప్పారు. తర్వాత వెచ్చబెట్టి పాపకి పట్టారు. బుడ్డది ఒక్క చుక్క మిగల్చలేదు.

అత్తయ్య అన్నం తినకుండా పడుకున్నారు. నా మీద కోపం కాబోలు. ఉండనీ, నాకూ ఉంది.

మార్చి 23, ఆదివారం

కోపం కాదట. మా ఆయన చెప్పారు. నిన్న అత్తయ్య ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడారట.

అత్తయ్య టెలిఫోన్ ఆఫీసులో పనిచేసే రోజుల్లో, మా ఆయన పుట్టిన మూడో నెలకే డ్యూటీలో చేరారట. ఈ సంగతి నాకు తెలుసు. తెలియనిది, ఆవిడా పాలు తెచ్చేవారని. ఆఫీసు బాత్‌రూములో నిలబడి గ్లాసులోకి చేత్తో పిండుకుని, మరచెంబులో పోసి మూత బిగించి, హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, బస్సులో ఆ బ్యాగుని రెండు చేతులతో పొట్టకి హత్తుకుని ఇంటికి తెచ్చేవారట. ఆవిడ అత్తగారు మూత తీసి చూసి, విరిగాయి, నీ పాలు మంచివి కావు అని పారబోసేవారట. రోజూ. కొన్నాళ్ళకి ఈవిడ తేవడం మానేశారు. ఆ తర్వాత పాలే రావడం మానేశాయి.

మా ఆయన ఈ మాట తన తల్లి నోట వినడం ఇదే మొదటిసారట. నేను వెనక్కి తిప్పి అయిదో తారీకు రాసుకున్నది చదివాను. కూరగాయలు తరుగుతూ ఆవిడ చెప్పిన మాట రాసుకున్నాను కానీ, ఎవరు చెప్పారు అత్తయ్యా అలా అని ఒక్కసారి కూడా అడగలేదు.

మార్చి 27

బ్యాగు వెళ్ళింది, వచ్చింది. పాప తాగింది. నడుము పట్టీ వదులైందని పొద్దున అత్తయ్యే బిగించారు, గాలి ఆడనిచ్చేలా లేరు.

నెలాఖరు మాట మా ఆయన ఎత్తలేదు. నేనే ఎత్తి, రెండూ మానను అన్నాను. మానమని ఎవరన్నారు అన్నారు! ఏం మనిషో.

మార్చి 31

గిన్నెలు తోముతూ, నా వైపు చూడకుండా అడిగారు అత్తయ్య. అయితే అప్పుడు నావి కూడా మంచివేనా అని.

మంచివే అత్తయ్యా అన్నాను.

కొళాయి కట్టేశారు. తడి చేతులతో, తూము వైపు చూస్తూ నిలబడ్డారు.