గడ్డం మొలిచిన హెలీనమ్మ

అక్విలేయా దగ్గరి మా ఊరి నుంచి,
ద్రాక్షకోతల వేళ

మ్యూజియం డాక్టరు టవానోకి, దీవించాలా వద్దా అని ఆలోచిస్తూ ఒనోరీనా అవ్వ రాయించినది.

నాయనా, నాకు చదువు రాదు. రాసేది మా గుడి ఫాదర్ మేని. కోపం మాత్రం పూర్తిగా నాదే.

వసంతంలో మా ఇంటికి వచ్చావు. జున్ను అట్టు రెండుసార్లు తిన్నావు. "అవ్వా, ఈ రోమన్ నాణేన్ని శుభ్రం చేసి తెచ్చిస్తాను" అని మా పునీత హెలీనమ్మను జేబురుమాల్లో చుట్టుకుని పోయావు. ద్రాక్షలు పూశాయి, పండాయి, కోతకూ వచ్చాయి. హెలీనమ్మ జాడ లేదు.

మా అత్తగారి నాగలికి తగిలిన నాణెం అది, దాని మీదున్నది మా హెలీనమ్మ ముఖం. ఈ వీధిలో ఏ ఆడదానికి నొప్పులొచ్చినా దాన్ని పిడికిట్లో పట్టుకునే కన్నది. నేనూ అంతే. ఇప్పుడు మా మనవడి పెళ్ళాం ఇర్మాకి నెలలు నిండాయి. పిల్ల భయస్థురాలు. "అవ్వా, నాణెం ఏదీ?" అని రోజూ అడుగుతోంది. నేనేం చెప్పను?

అయినా దానికేం మురికి ఉందని? ప్రతి కాన్పుకీ ముందు బూడిద, వెనిగర్ వేసి తళతళలాడేలా నేనే తోముతాను.

ఇట్లు, వీధి గుమ్మంలో కూర్చున్న
ఒనోరీనా

తా.క. అట్టు సంగతి ఎత్తానని ఏమీ అనుకోకు. రెండోది నువ్వు అడిగి మరీ వేయించుకున్నావు.

*

గౌరవనీయులైన ఒనోరీనా అవ్వగారికి నమస్కారాలు.

మీ నాణెం క్షేమం. మీ వెనిగర్ నుంచి కాపాడుతున్నాను. ఎత్తుగా ఉన్న ముక్కు బూడిదతో అరిగిపోయింది, పల్లాల్లో చిలుము మిగిలిపోయింది. నున్నగా పట్టిన ముదురుపచ్చ పొర కంచుకి చర్మం లాంటిది, దాన్ని తీయకూడదు. పొడిగా రాలే లేతపచ్చ చిలుము మాత్రం నాణేన్ని లోపల్నుంచి తినేస్తుంది. అందుకే డిస్టిల్డ్ వాటర్లో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, చెక్కపుల్లతో కొంచెం కొంచెంగా తీస్తున్నాను. తర్వాత ఆరబెట్టి, పల్చగా మైనం పూసి, కాగితం కవర్లో, తేమ తగలని సొరుగులో దాచాలి. ముఖ్యంగా ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. చెమటలో ఉప్పు ఉంటుంది.

మీ విధేయుడు,
టవానో

తా.క. చిలుము తీస్తుంటే ఒక చిన్న సంగతి బయటపడింది. ఆమె హెలీనమ్మ కాదు. ఆమెకి గడ్డం ఉంది.

*

నాణేలు మార్చే డాక్టరుకి ఒనోరీనా రాయించినది.

దొరికిపోయావు! మా నాణెం పోగొట్టి, ఎవరో గడ్డపాయన్ని మా నెత్తిన రుద్దుదామని చూస్తున్నావు. మా హెలీనమ్మకి ఉన్నది ముసుగు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్న ముఖం నాకు తెలియదా?

ఒట్టి చేత్తో ముట్టుకోకూడదా? అయితే నొప్పులు పడే ఆడది చేతులకి తొడుగులు వేసుకుని రావాలా? చెమట పట్టకుండా కనడం మీ పుస్తకాల్లో ఉందేమో, మా వీధిలో లేదు. ఇర్మా పొట్ట కిందికి జారింది. త్వరగా మా నాణెం పంపు. లేకపోతే నేనే వస్తాను.

బస్సు డ్రైవరు చేతికి ఎండు సాసేజి ఇచ్చి పంపుతున్నాను. లంచం కాదు. నువ్వు మరీ సన్నగా ఉన్నావు.

ఇట్లు, నిప్పులు కక్కుతూ
ఒనోరీనా

తా.క. అవ్వ చెప్పిన మాటల్లో కొన్ని నేను రాయలేదు. అవేమిటో మీరే ఊహించుకోండి. నేను రాస్తే పాపం. - ఫాదర్ మేని

*

అవ్వగారికి నమస్కారాలు.

ఒట్టు, నాణెం మార్చలేదు. గడ్డం మీద పేరుకున్న చిలుమునే ఇన్నేళ్ళూ మీరు ముసుగనుకున్నారు. ఆయన ఎవరో చక్రవర్తి. నాణెంలోంచి నీళ్ళలోకి ఇంకా ఉప్పు దిగుతోంది. ఇప్పుడే పంపితే మళ్ళీ చిలుము పడుతుంది. దయచేసి ఓపిక పట్టండి.

సాసేజి అందింది. నాకు తొక్క కూడా మిగల్లేదు. మా ఆవిడ లీవియా కిటికీ దగ్గర నిలబడి, వెనిగర్లో ఊరిన దోసకాయలతో కలిపి మొత్తం తినేసింది.

మీ టవానో

తా.క. నాణెం పట్టుకుంటే నిజంగా నొప్పి తగ్గుతుందా అని లీవియా అడగమంది. ఊరికే. చారిత్రక ఆసక్తి.

*

దద్దమ్మ డాక్టరుకి అవ్వ దీవెనలు.

చారిత్రక ఆసక్తా? ఎన్నో నెల? వాళ్ళమ్మ దగ్గరుందా? కిటికీ దగ్గర ఆ పిల్లని నిలబెట్టకు, కుర్చీ వెయ్యి.

గడ్డం గురించి వీధిలో ఆడవాళ్ళందరం కూర్చుని మాట్లాడుకున్నాం. ఒకళ్ళిద్దరు ఏడ్చారు కూడా. అప్పుడు పక్కింటి తునీనా అంది: "నొప్పులనగానే మన మొగుళ్ళంతా సారాకొట్టుకి పరిగెత్తారు. ఒక్క మగాడైనా చివరిదాకా చేతిలో చెయ్యేసి ఉన్నాడు కదే! ఉండనీ." అందరం ఒప్పుకున్నాం. ఇర్మా అయితే గడ్డమున్నా మీసమున్నా గట్టిగా ఉంటే చాలంది.

నొప్పి తగ్గుతుందా అంటే, తగ్గదు. లీవియాకి అబద్ధం చెప్పను. కానీ ఇంతకు ముందు దాన్ని పట్టుకున్న ఆడవాళ్ళంతా పక్కనే నిలబడ్డట్టు ఉంటుంది. అందుకే నాయనా, ఇర్మాకి పంపు.

ఇట్లు, ఈసారి బతిమాలుతూ
ఒనోరీనా

తా.క. పుల్లతో చిలుము తీసే ఆ చేతులతోనే ఇంట్లో గిన్నెలు కూడా కడుగు. వాటిని నెలల తరబడి నానబెట్టక్కర్లేదు.

*

అవ్వా, క్షమించు.

నాణెం ఆరింది. మైనం పూశాను. కవర్లో పెట్టి నీ పేరు రాశాను. బస్సు దగ్గరికి బయల్దేరుతుంటే లీవియా గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

కవరు చించేశాను. ఒట్టి చేత్తో తీసి, ఒట్టి చేతిలో పెట్టాను.

ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. నాణెం ఇంకా లీవియా పిడికిట్లోనే ఉంది, అడిగే ధైర్యం నాకు లేదు. ఇర్మాకి ముఖం ఎలా చూపించను?

నీ టవానో

తా.క. చెమట గురించి నేను రాసింది నిజమే. అంత చెమట ఉంటుందని మాత్రం నాకు తెలియదు.

*

టవానోకి, లీవియాకి, బుల్లి పాపకి ఒనోరీనా అవ్వ కోటి దీవెనలు.

చేతిరాత మారిందని కంగారుపడకు. ఇది రాస్తున్నది ఇర్మా, మంచం మీద నుంచి. కొడుకు పుట్టాడు.

ఆ రోజు ఫాదర్ మేని నీ ఉత్తరం చదివి వినిపిస్తున్నాడు. కవరు చించేశానన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఈ ఇర్మాకి నొప్పులు మొదలయ్యాయి. "అవ్వా, నాణెం లేదుగా! ఏదో ఒకటి ఇవ్వు!" అని కేక పెట్టింది. చేతికందింది ఫాదర్ కుడిచెయ్యి. పట్టుకుంది. పిల్లాడు పుట్టేదాకా వదల్లేదు. ఇది అరిచిందానికంటే ఆయన అరుపులే వీధి చివరిదాకా వినబడ్డాయి. కొంతసేపు లాటిన్‌లో కూడా అరిచాడు.

లీవియా లేచి తిరిగేదాకా నాణెం దాని దగ్గరే ఉండనీ. తర్వాత ముగ్గురూ కలిసి తీసుకురండి. బూడిదా వెనిగరూ మానేస్తున్నాను. కాగితం కవరు, తేమలేని సొరుగు, అన్నీ నువ్వు చెప్పినట్టే. పట్టుకోవడం మాత్రం మేం చెప్పినట్టు.

ఇట్లు, ఇద్దరు పిల్లల ముత్తవ్వ
ఒనోరీనా

తా.క. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి, ఎడమచేత్తో రాస్తున్నాను. లీవియాగారు త్వరగా కోలుకోవాలని రోజూ ప్రార్థిస్తున్నాను. తునీనా కోడలికి వచ్చే నెలలో కాన్పు. - ఫాదర్ మేని