కాళ్లు కనబడే నీళ్లు

బావా,

ఉంటే ఇవాళ పోర్టులో రిటైరయ్యేవాడివి. మర్నాడే ఫిజీ వెళ్లిపోదామని ఎన్నిసార్లు అన్నావో. అందుకే పొద్దున ద్వారకా నగర్‌లో ట్రావెల్ ఆఫీసుకు వెళ్లాను.

కౌంటర్లో పిల్ల "ఇద్దరికేనా ఆంటీ?" అని అడిగింది. ఒక్కదానికేనన్నాను. "అంత దూరం ఒక్కరే ఎల్లి ఏటి సేత్తారాంటీ?" అంది. ఆ మాటకు ఒళ్లు మండింది కానీ, పాపం దానికేం తెలుసు?

నీ సంగతి చెప్పాను. సర్వీసంతా క్రేన్ మీద కూర్చుని సముద్రాన్ని చూసిన మనిషి, చర్చి అయ్యాక బీచికి తీసుకెళ్తే మోకాళ్లు దాటి దిగేవాడు కాదని. "కాళ్లు కనపడని నీళ్లలోకి నాను రాన్నే. ఫిజీలో అయితే మెడదాకా దిగిపోతాను సూడు" అంటూ, నా చెయ్యి మాత్రం నొప్పెట్టేలా పట్టుకునేవాడని.

ఆ పిల్ల నవ్వి కంప్యూటర్ నా వైపు తిప్పింది. నీళ్లు గాజులా ఉన్నాయి. మెడదాకా దిగినవాళ్ల కాలివేళ్లు కూడా కనబడుతున్నాయి. ఎవరి చెయ్యీ ఎవరూ పట్టుకోలేదు. అక్కడైతే నువ్వూ నా చెయ్యి వదిలేసేవాడివే.

మళ్లీ వస్తానని చెప్పి లేచాను.

ఆటో అతనికి ఇంటి అడ్రసు చెప్పబోయి జాలరిపేట అన్నాను. పడవల పక్కనుంచి వెళ్లి మోకాళ్ల లోతుకు దిగాను. నీళ్లు ఎప్పట్లాగే మురికిగా ఉన్నాయి. కాళ్లు కనబడలేదు. అల వచ్చి కుచ్చిళ్లన్నీ తడిపేసింది. ఒక్క చేత్తోనే ఎత్తి పట్టుకున్నాను మరి. రెండో చెయ్యి నీకని అలవాటు.