నాయినా, అది లంగా గాదు

నాయినకు,

నీ చిన్నబిడ్డ రూతు వందనాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను మంచిగున్న. సలికి ముక్కు కారుడు తప్ప ఏ రోగం లేదు. నీ మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ షుగర్ గోలీలు యాళ్లకు ఏసుకుంటున్నదా? అక్క పిల్లలు బడికి పోతున్నరా, లేకుంటే నీ దుకాణంల గుండీల డబ్బ కుమ్మరించుకొని ఆడుతున్నరా? మీరందరు మంచిగుండాలని దినాం ప్రార్థన చేస్తున్న. నువ్వు నాతోని మాట్లాడకున్నా నీ పేరు ఇడిసిపెడ్తలేను. అది గూడ తెలుసుకో.

ఈ కాలంల ఉత్తరమేందని నవ్వకు. మూడు వారాలాయె, ఫోన్ జేస్తే "అర్జెంటు జాకెట్లున్నయి" అని అమ్మకిస్తున్నవు. మెదక్‌ల ఆడోళ్లందరు ఒక్కపారే జాకెట్లు కుట్టిచ్చుకుంటున్నరా ఏంది? వీడియో కాల్ జేస్తే బల్ల మీద ఫోన్ ఎల్లెలకల పండవెట్టి నాకు ఫ్యాను చూపిస్తున్నవు. ఆ ఫ్యాను మీద ఎంత దుమ్మున్నదో స్కాట్లాండ్‌కెల్లి కనవడ్తున్నది నాయినా. జర తుడుపియ్యి. ఫోన్ అయితే కట్ చేస్తవు, కాయితాన్ని ఏం చేస్తవు? కత్తెర నీ చేతులనే ఉంటదని ఎరికే, గని పూరా చదివినంక కొయ్యి.

అమ్మ అంత చెప్పింది. అల్లునికని నేవీ బ్లూ సూటు గుడ్డ తెచ్చి, ఫొటో చూసి అందాజ కొలత పెట్టి కోసినవట. మెదక్‌ల సగం మంది పెండ్లికొడుకుల సూట్లు నీ మిషిను మీదికెల్లి పోయినయే. మన దిక్కు పెండ్లికొడుకు బట్టలు ఆడపిల్లోళ్లే పెట్టాలె, అది నాకు తెల్వక కాదు. నేను ఫోన్ల "నాయినా, ఆంగస్ సూటు ఏసుకోడు, ఇక్కడి మగోళ్లు నడుముకు మోకాళ్ల దాక కట్టే గళ్ల కిల్టు కట్టుకుంటడు" అనంగనే మెడలకెల్లి టేపు తీసి బల్ల మీద వెట్టినవట. "చర్చీల అయ్యగారి ముందట మగోడు గళ్ల లంగా కట్టుకొని నిలవడితే నేను రాను. బిడ్డ చెయ్యి వట్టుకొని నడిపిచ్చేది లేదు" అన్నవట. మెడల టేపు లేని నాయినను నేను పుట్టినకాన్నుంచి చూడలే. ఆ మాట విన్నకాన్నుంచి నాకు అన్నం సయిస్తలేదు. ఇక్కడి అన్నం ఎట్లాగు సయించదు, అది వేరే ముచ్చట.

సరే, కోపం జర పక్కకు వెట్టి ఇక్కడి సంగతులు విను.

పని మంచిగనే ఉన్నది. ముసలోళ్లుండే హోముల పెద్దమనుషులకు గోలీలిచ్చుడు, స్నానాలు చేపిచ్చుడు, వాళ్ల ముచ్చట్లు వినుడు. పొద్దుగాల ఓట్సు జావ, పగటీలి ఉడకవెట్టిన ఆలుగడ్డ, మాపటీలి కాల్చిన ఆలుగడ్డ. అమ్మ పంపిన కారం సీసా అడుగంటింది, ఈసారి ఎక్కువ పంపమను. ఎండకాలమొచ్చిందని ఇక్కడోళ్లు సంబురపడుతున్నరు, నేను రెండు స్వెటర్లేసుకొని వాళ్ల సంబురం చూస్తున్న.

ఇగ పెండ్లి పనులు. నాయినా, ఇక్కడ పెండ్లి చేసుకునుడు పదో తరగతి పరీక్షల కంటే కష్టం. ముందుగాల రిజిస్ట్రార్ ఆఫీసుల నోటీసియ్యాలె. తర్వాత పిలుపులు. పిలిచినోళ్లు వస్తమో రామో రాసి పంపాలె. కోడి తింటరో చేప తింటరో గూడ ఇప్పుడే రాయాలె. "ఆగస్టుల ఏం తినబుద్ధయితదో ఇప్పుడెట్ల తెలుస్తది?" అని ఆంగస్ వాళ్లమ్మ మార్గరెట్‌ను అడిగిన. ఆమె నన్ను పాపం అన్నట్టు చూసింది. ఒక్కో కుర్చీ ముందట ఒక్కో పేరు కార్డు పెడ్తరు, ఇంకో మనిషి వచ్చి జరగుమంటే జరుగుడు లేదు.

ఈడ నేనొక గలత్ పని చేసిన. మన అలవాటు ప్రకారం కనవడ్డోళ్లందరిని "మా పెండ్లికి రాండ్రి, తప్పకుండ రాండ్రి" అని పిలిచిన. హోముల పనిచేసేటోళ్లు, పోస్టు తెచ్చేటాయన, బస్సు కాడ దినాం కనవడే ముసలమ్మ, అందరిని. మన కాడ గట్లంటే మర్యాద. వచ్చేటోళ్లు వస్తరు, రానోళ్లు నవ్వి ఊకుంటరు. వీళ్లు నా ముందటనే డైరీ తీసి రాసుకున్నరు నాయినా! పోస్టాయన అయితే తెల్లారి చేప అని కాయితం గూడ ఇచ్చిండు. హాలు అరవై మందికే. మార్గరెట్ తల వట్టుకొని కూసున్నది. ఇగ పోస్టాయనను ఆంగస్ చిన్నాయన పక్కన ఇరికిచ్చింది. నిజాంపేటకెల్లి మెదక్‌కొచ్చే ఆటోల కూసున్నట్టు కూసోవాలె అందరు.

బ్యాండు మాటడుగుతదేమో అక్క. ఒక్కడే మనిషి, సంకల సంచి వెట్టుకొని ఊదుతడు. మన కాడ పదిమంది చేసే సప్పుడు ఒక్కడే చేస్తడు. తిన్నంక చేతులు వట్టుకొని గుండ్రంగ తిరిగే ఆట ఉంటది. బతుకమ్మ ఆడినట్టే తిరుగుడు, గని ఎనకకెల్లి కుక్క తరుముతున్నట్టు ఉరుకుతరు. నేర్చుకుంటుంటే ఆంగస్ నా కాలు తొక్కిండు, బొటనవేలు గోరు నల్లవడ్డది. వానకు అరవై తెల్ల ఛత్రీలు తెచ్చిపెట్టిండ్రు. వాన రాకుంటే సన్న ఈగలొస్తయట, మోకాళ్లు కొరుకుతయట. కిల్టు కింద ఏముంటదని అమ్మ అడిగింది. నేనడగలే, అడగను గూడ. అమ్మను నోరు మూసుకోమను.

అసలు కష్టం ఇప్పుడు చెప్త. ఇక్కడ పెండ్లికూతురు నాయిన బిడ్డను నడిపిచ్చుకొచ్చుడే కాదు, అన్నాల కాడ అందరికంటే ముందు లేచి నాలుగు మాటలు చెప్పాలె. మార్గరెట్ ప్రతి ఆదివారం చర్చి కాడ అడుగుతది, "మీ నాయినకు కోడా, చేపనా? ఏం మాట్లాడుతడట?" అని. ఆయన రానన్నడని చెప్పనీకి నాకు నోరొస్తలేదు. "ఆర్డర్లు మస్తున్నయి, తీరిక దొరుకుతలేదు" అంటున్న. వారం వారం గిదే చెప్పేసరికి, నువ్వు పెద్ద బట్టల కార్ఖానా ఓనరువని ఆమె నమ్మింది. ఊరంత చాటుతున్నది. నీ పేరు కార్డు ఎప్పుడో రాపిచ్చి పెట్టింది. దాన్ని చూసినప్పుడల్ల నాకు ఏడుపొస్తున్నది. నువ్వు రాకుంటే నేను ఒక్కదాన్నే నడవాలె నాయినా. నాకది వశం గాదు.

ఇగ ఆ కిల్టు సంగతి. ఆంగస్ కాడ వాళ్ల తాత కిల్టు ఉండె. ఒక్కో ఇంటిపేరోళ్లకు ఒక్కో తీరు గళ్లుంటయట ఈడ, వీళ్లవి నీలం, ఆకుపచ్చ గళ్లు, నడుమ సన్న ఎర్ర గీత. మొన్న తీసి కట్టుకోబోతే జానెడు తక్కువొచ్చింది. తప్పు నా బిర్యానిది. కుట్టేటోళ్లను అడిగితే ఏడాది దాకా ఖాళీ లేదన్నరు. పిలగాడు పరేషానై బజార్ల ఒక రెడీమేడ్‌ది కొనుక్కొచ్చిండు. దాన్ని పట్టుకపోయి మా హోముల జీన్‌కు చూపెట్టిన. జీన్‌కు ఎనభై దాటినయి, నలభై ఏండ్లు చేతితోని కిల్టులు కుట్టిన మనిషి. ఇప్పుడు ఏళ్లు వంకరవోయినయి, చెంచ గూడ నేనే పట్టాలె. గని కండ్లు నీ లెక్కనే, సూది మొన మీదుంటయి. ఆమె దాన్ని ఎనకకు తిప్పి చూసి మంచం మీదికెల్లి ఇసిరి కొట్టింది. "ఇది కిల్టు గాదు, లంగా!" అన్నది.

నీ మాటనే నాయినా! నాకు నవ్వాగలే. మల్ల ఆమె చెప్పింది. ముందట సాఫుగుండాలె, ఎనక కుచ్చులుండాలె. ఒక్కో కుచ్చు కాడ గడి గడికి కలవాలె, గీత గీతకు కలవాలె. కుచ్చులు పెట్టినంక గూడ బట్టకు కత్తెర వడనట్టే గళ్లు కనవడాలె. అది రాకుంటే ఎన్ని గజాలు పెట్టినా లంగానే.

అది వింటుంటే నా చెవుల్ల నీ గొంతు ఇనవడ్డది. ఏడో తరగతిల నా బడి స్కర్టు యాదికున్నదా? అందరి స్కర్టులు ఒక్క గంటల అయితే, నాది రెండు దినాలు కుట్టినవు. గళ్లు కలిసెటందుకు మీటరు గుడ్డ ఎక్కువ వెట్టినవని అమ్మ లొల్లి చేసింది. "ఎవ్వరు చూస్తరు ఎనక?" అంటే, "ఎనక నడిచేటోళ్లు చూస్తరు" అన్నవు. పోరగాండ్లు నన్ను గొడుగు అని ఎక్కిరిచ్చిండ్రు. నేను ఆ స్కర్టు ఏసుకోనని నేల మీద వడి ఏడిస్తే, నువ్వు మిషిను కాడికి పోయి కూసున్నవు. దానికి ఇప్పుడు మాఫీ అడుగుతున్న.

బడోళ్లందరం పెద్దచర్చికి పోయిన దినం తీసిన ఫొటో నా ఫోన్ల ఉన్నది. నేను ఆ స్కర్టు ఏసుకొని మెట్ల కాడ మొఖం ముడుసుకొని ఎనకకు తిరిగి నిలవడ్డది. జీన్‌కు చూపెట్టిన. ఆమె భూతద్దం తెమ్మన్నది. మల్ల వంకర ఏలు పెట్టి ఒక్కో కుచ్చు ముట్టుకుంట పోయింది. "ఎవరు కుట్టిండ్రు?" అన్నది. మా నాయిన అన్న. "యాడ నేర్చిండు?" అన్నది. ఎవ్వరు నేర్పలే, కలవకుంటే ఆయనకు నిద్రవట్టదు అన్న. ఆమె ఫోన్ నా చేతుల వెట్టి, "ఊరూరు తిరిగి కుట్టేటోణ్ని ఎందుకు దేవులాడుతున్నవే పిచ్చిదానా, మీ ఇంట్లనే ఉన్నడు" అన్నది.

అందుకే నిన్నడగకుండనే ఆంగస్ వాళ్ల గళ్ల గుడ్డ నాలుగు గజాలు, డబుల్ పన్నాది, పార్సిల్ చేసిన. జీన్ చెప్తుంటే కొలతలు నేనే తీసిన. పిలగాడు కదలకుండ గంటసేపు నిలవడ్డడు, నీకు భయపడి. వేరే కాయితంల రాసి పెట్టిన చూడు. అంత చేతి కుట్టే, మిషిను ముట్టొద్దట. పెండ్లికొడుకు బట్టలు మనమే పెట్టాలె అంటివి గదా, పెట్టు.

ఇంకోటి. పట్టీలు, బకిల్సులు మనిషి ఒంటి మీద పెట్టి చూసినంకనే కుట్టాలెనట, కుట్టినోడే చూడాలెనట. కొరియర్ల పంపితే నడవదని జీన్ గట్టిగ చెప్పింది. నేను కాదు, ఆమె చెప్పింది. ఆమె తోని కొట్లాడే ధైర్యం నాకు లేదు. వీసాకు ఆంగస్ రాసిన కాయితాలు దీంట్లనే ఉన్నయి. నీ మోకాళ్లకు స్వెటర్ల లాంటివి ఉంటయి, నేనిక్కడ కొనిపెడ్త.

ఆ నేవీ బ్లూ సూటు ఖరాబు చెయ్యకు. ఆంగస్ చేతులకు అది మోచేతి దాకనే వస్తది. నీ కొలతకు తగ్గిచ్చుకో. అక్క పెండ్లిల గూడ బావకు సూటు కుట్టి, నువ్వు పాత అంగి మీదనే నడిచినవు. ఊరందరికి కుట్టినవు, నీకు నువ్వు ఒక్కటన్న కుట్టుకున్నవా నాయినా?

ఆ దినం ఆంగస్ అయ్యగారి ముందట లంగా కట్టుకొని నిలవడతడా, కిల్టు కట్టుకొని నిలవడతడా, అదిప్పుడు నీ చేతులున్నది. టేపు మెడల ఏసుకో.

అమ్మకు, అక్కకు, బావకు వందనాలు. పిల్లలకు ముద్దులు. అయ్యగారిని మా కోసం ప్రార్థన చెయ్యమను. నీ దీవెన కోసం ఎదురు చూసే

నీ చిన్నబిడ్డ
రూతు

తా.క. మార్గరెట్ మల్ల అడిగింది. కోడా, చేపనా?