మునికృష్ణప్ప వేషానికి హారతి

చిక్కబళ్ళాపురం,
10 ఏప్రిల్ 1961

ప్రియమైన వాసుదేవకు,

1953 ఏప్రిల్ 9, గురువారం పొద్దున పదకొండు గంటలకు మా బావ మునికృష్ణప్ప మా అక్క కుడిచెయ్యి రెండుచోట్ల విరగ్గొట్టాడు. ముప్పావు గంట తర్వాత చెరువు తూము దగ్గర వెంకటరాయప్పను గడ్డపారతో కొట్టి చంపాడు. నీ నాటకంలో రెండోది ఉంది. మొదటిది లేదు.

రాతప్రతి రెండుసార్లు చదివాను. పద్యాలు బాగున్నాయి. కింది పొలాలకు నీళ్ళు పోకుండా వెంకటరాయప్ప తూముకు తాళం వేయించడం, నలభై రోజులు పైరు ఎండడం, అన్నీ జరిగినవే. పోయిన అక్టోబరులో బావ జైలు నుంచి వస్తే ఊరు దండలు వేసిందీ నిజమే. "కోపం లేనివాడు తూము తెరుస్తాడా? కథానాయకుడు దేవుడై ఉండాలని ఎవరన్నారు?" అని నీ ఉత్తరంలో అడిగావు. ఎవరూ అనలేదు. చేతికి రక్తం అంటినవాణ్ణి నాయకుణ్ణి చేసే హక్కు నీకుంది. నువ్వు ఆ రక్తంలో సగం కడిగేసి చేశావు. అలా కడగ్గా మిగిలినవాడు నాకు బావ కాడు, మా అక్కకు మొగుడూ కాడు.

కడగడం నీకు నేర్పింది నేనే. ఎనిమిదేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మరునాడు పొద్దున చింతామణిలో ఆసుపత్రి వరండాలో కూర్చుని మా పత్రికకు ఆ హత్య వార్త రాశాను. లోపల అక్క చేతికి కట్టు కడుతున్నారు. మూలుగు నాకు వినబడుతూనే ఉంది. "రైతుల కోసం తూము తెరిచిన వీరుడు" అని శీర్షిక పెట్టాను. పదిహేడు వాక్యాలు. అక్క పేరు ఒక్కదాంట్లోనూ లేదు. హంతకుడి బావమరిది అనిపించుకోవడం కన్నా వీరుడి బావమరిది అనిపించుకోవడం సులభం. ఊరు ఆ వార్త చదివించుకుని విని పాట కట్టింది. పాట మీద నువ్వు నాటకం కట్టావు. రాగిముద్ద పెట్టడం ఆలస్యమైందని పెళ్ళాం చెయ్యి విరిచాడని కూడా ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. అది ఎవరూ పాడరు.

మన వీధినాటకాల ఆచారం నీకు చెప్పనక్కర్లేదు. ఊరివాడి కథ ఆడితే, ఆ వేషం తెర ముందుకు రాగానే ఆ ఇంటి ఇల్లాలు హారతి ఇచ్చి "ఎవరప్పా నువ్వు, ఏం చేసినావు?" అని అడగాలి. వేషం జవాబు చెప్పాకే ఆట. ఆ పళ్ళెం మా అక్క చేతిలో పెడతారట. విరిచినవాడి వేషానికి విరిగిన చెయ్యి హారతి పట్టడం నేను చూడలేను. అక్క ఇవ్వదు. నాటకం ఆపు. ఆపకపోతే, శనివారం పొద్దున ఆ మొదటి సంగతి నా పేరుతో పత్రికలో వస్తుంది.

అక్కకు తెలుగు చదవడం రాదు. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు.

నీ
ఆంజనేయప్ప


బాగేపల్లి పక్క మన ఊరు,
గురువారం

తమ్ముడు ఆంజనేయప్పకు అక్కయమ్మ దీవించి రాసేది.

నేను ఇస్కూల్లో నేర్చింది కన్నడమే. ఆ అక్షరాల్లోనే మన మాట రాస్తాండాను. ఎడమ చేత్తో రాస్తాండాను, నిదానంగా చదువుకో.

వాసుదేవ మేష్ట్రు నీ జాబు చదివినాడు. చదివేటప్పుడు నా మొగం చూడలేదు.

ముద్ద మాట పుట్టించింది నేనే అప్పా. ఆ పొద్దు ముద్ద వేళకే అయ్యింది. ఆయన తిన్నాడు కూడా. తిని, చెయ్యి కడుక్కొని, గడ్డపార ఎత్తుకున్నాడు. యాడికని అడిగితే వాకిలి దిక్కు నడిచినాడు. నాకు తెలిసిపోయింది. వెంకటరాయప్ప పెండ్లాము మునివెంకటమ్మకు అప్పటికి ఏడో నెల. నేను గడ్డపార పట్టుకొని వదల్లేదు. అందుకు విరిగింది చెయ్యి. ఇంట్లోనుంచే చంపేదానికి బయలుదేరినాడని నేను చెప్పుంటే ఉరేసేవాళ్ళు. అందుకని ముద్ద అని చెప్పినా. పోలీసులు నమ్మినారు, ఊరు నమ్మింది. నువ్వు వరండాలోనే ఉన్నావు. ఒక్క మాట అడిగుంటే నీకు చెప్పుండేదాన్ని. పేపరోడివి, ఊరందరినీ అడుగుతావు.

అప్పుడు నన్ను వార్తలోంచి తీసేసినావు. ఇప్పుడు నాకోసమని నాటకమే ఆపమంటాండావు. రెండుసార్లూ నన్ను అడగలేదు. ఆయన తూము తెరిచింది నిజం. ఆ యేడు ఆ నీళ్ళతో పండిన రాగులు నేనూ తిన్నా. జైలు నుంచి వచ్చినంక నా మింద చెయ్యెత్తలేదు, అదీ నిజం. వీరుడా కాదా అని నువ్వూ మేష్ట్రూ కొట్లాడుకోండి. నాకు వేరే పనుండాది.

పేపర్లో వెయ్యొద్దు. ఈ ఊళ్ళో పేపరు చదివేటోళ్ళు ముగ్గురు. నాటకానికి ఊరంతా వస్తాది. మునివెంకటమ్మ రానంటే నేనే పోయి పిలిచొచ్చినా. ఆయన శిక్ష అయిపోయింది, ఇంక ఉరి భయం లేదు.

శనివారం దీపాలు పెట్టే పొద్దుకు ఆట. ఆయన ముందు వరసలో కూచుంటాడు. హారతి నేనే ఇస్తా. ఇచ్చి, "గడ్డపార ఎవరి చేతిలోంచి పీక్కొచ్చినావప్పా?" అని వేషాన్ని అడుగుతా. జవాబు రాయమని మేష్ట్రుకు చెప్పినా. ఇంకా రెండు దినాలుండాది.

మీ అక్క
అక్కయమ్మ