బాపు పంజా

బాపూ,

రేపు నీ సంవత్సరీకం. ఇవాళ మెడికల్ కాలేజీ పిల్లలు మన కొత్తవాడకు వచ్చి, ముసలివాళ్ల మతిమరుపు గురించి ఇంటింటికీ చెప్పారు. నీ సంగతి నేనే ఎత్తాను. చివరి ఏడాది నా పేరు మరిచిపోయావని, పొద్దున నేసిన జంపఖానాను సాయంత్రానికి విప్పేసేవాడివని చెప్పాను. నీది మొండితనమనుకుని, పోగులు బిగించే నీ పంజాను నేను దాచేసిన మాట మాత్రం చెప్పలేదు.

"మొండితనం కాదక్కా, అది జబ్బు," అంది ఒక అమ్మాయి. "చేతికి అలవాటైన పని చెయ్యనియ్యాలె. ఆపితె ఇంకింత పరేషానైతరు."

"నా పంజా ఏడవెట్టినవ్ బిడ్డా?" అని నువ్వు రోజూ ఇల్లంతా వెతికేవాడివి. "నాకేమెరుక," అనేదాన్ని.

రేపు నీ ఫొటో ముందు పెడదామని సందూక తెరిచాను. అందులో పంజా లేదు. అటక మీద లేదు, బియ్యం డబ్బాలో లేదు. ఎక్కడ దాచానో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. బియ్యం డబ్బాలో మూడోసారి చెయ్యి పెడుతుంటే నా బిడ్డ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఏం దేవులాడుతానవే అమ్మా?" అని అడిగింది.

"ఏం లేదు," అన్నాను.