పెదవులు కదిపిన పాట

11 జనవరి 1993, సోమవారం

మధ్యాహ్నం లెసన్ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి నా భార్య ఎవ్రిల్ రిసీవర్ చేత్తో పట్టుకుని హాల్లో నిలబడి ఉంది. మాంచెస్టర్ నుంచట, టీవీ వాళ్లట అంది. మా సెట్టు గురించేమో అనుకున్నాను.

అవతల ఒక అమ్మాయి. పేరు జోన్. గొంతు వింటే పాతికేళ్లు కూడా దాటినట్టు లేదు. 'షేక్ ఎట్ సిక్స్' అని అప్పట్లో వచ్చిన పాటల ప్రోగ్రాం ఫిల్ములన్నీ ఎప్పుడో పోయాయని ఇన్నాళ్లూ అనుకున్నారట. ఒకే ఒక్క డబ్బా, రిటైరైన ఎడిటర్ ఇంటి అటక మీద దొరికిందట. అందులో మేమున్నామట. మా బ్యాండ్, ది టైడ్‌మెన్. పాట 'న్యూ హాలండ్ గర్ల్'. 1964 నవంబరు.

"మీరు డ్రమ్మర్ వెర్నన్ హాల్డెన్‌బీ గారే కదా?" అంది.

నన్ను డ్రమ్మర్ అని పిలిచి ఎన్నేళ్లయిందో. డ్రైవింగ్ నేర్పే హాల్డెన్‌బీనమ్మా అని చెప్పబోయి ఆగాను. అవునన్నాను.

12 జనవరి

రోలాండ్ ట్రాన్మర్‌కి ఫోన్ చేశాను. మా సింగర్. చిన్నప్పుడు హెస్సిల్ రోడ్డులో మా వెనక వీధి. నలుగురిలో మిగిలింది మేమిద్దరమే. గిటార్ వాయించే లెస్ పోయి పుష్కరం దాటింది. బేస్ వాయించే సిరిల్ ఆస్ట్రేలియా ఓడ ఎక్కాక మళ్లీ ఉత్తరం ముక్క లేదు.

"ఒరేయ్ వెర్న్, మనం ఇంకా బతికే ఉన్నామని వాళ్లకెవడు చెప్పాడ్రా?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. గొంతు బొంగురుగా ఉంది. జలుబన్నాడు.

14 జనవరి

నా దగ్గర నేర్చుకుంటున్న మిసెస్ పాష్‌బీ డ్రైవింగ్ టెస్టులో మళ్లీ ఫెయిలైంది. రౌండబౌట్ దగ్గర ఎగ్జామినర్‌తోనే వాదన పెట్టుకుందట. తప్పు ఆయనదేనంటుంది.

16 జనవరి, శనివారం

వీడియో క్యాసెట్ పోస్టులో వచ్చింది. టీ పెట్టుకుని, కర్టెన్లు వేసి, ఇద్దరం సినిమాకి వెళ్లినట్టు కూర్చున్నాం.

దేవుడా. ఎంత సన్నగా ఉన్నామో. లెస్ నవ్వుతున్నాడు. వాడు నవ్వుతుంటే చూసి ఎన్నేళ్లయిందో, ఎవ్రిల్ నా చెయ్యి పట్టుకుంది. వాడి గిటార్ వైరు ఆంప్లిఫయర్‌లోకి కాదు, వాడి వెనక జేబులోకే వెళ్తోంది. అప్పట్లో అంతే. రికార్డు వేసేవారు, మేము వాయిస్తున్నట్టు ఊగాలి. రోలాండ్ నోట్లో చూయింగ్ గమ్ పారెయ్యడం మరిచిపోయాడు. పాటేమో "ఓ..." అని సాగుతోంది, వాడేమో నములుతున్నాడు. ఎవ్రిల్ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

నేను వెనకాల. సింబల్స్ కింద ప్లాస్టర్ అంటించారు, చప్పుడు రాకుండా. నా కర్ర పైకి లేవకముందే దెబ్బ వినిపిస్తోంది.

ఆ దెబ్బ నాది కాదు. లండన్‌లో రికార్డింగ్ నాడు ప్రొడ్యూసర్ నన్ను ఒక్కసారి విని, ఈ కుర్రాడు బయట కూర్చుంటాడు అన్నాడు. గంటకింత అని తీసుకుని వాయించే పెద్దమనిషిని పిలిపించాడు. ఆయన ఒక్క టేకులో కొట్టేసి, కోటు వేసుకుని, రైలుకి వెళ్లిపోయాడు. నేను కారిడార్లో బెంచీ మీద కూర్చుని తలుపు సందులోంచి విన్నాను. అప్పుడు చాలా బ్యాండ్ల సంగతి అదే, ఎవరూ దాచుకోలేదు. నేనూ దాచలేదు. మా అమ్మకీ చెప్పాను.

అయినా ప్రోగ్రాం టీవీలో వచ్చిన సాయంత్రం వీధి వీధంతా మా ముందుగదిలో కూర్చుని చూస్తుంటే, అమ్మ మాత్రం అందరితో "నా కొడుకు కొట్టుడు చూశారా!" అంది. పక్కింటావిడకి పోర్క్ పై ఇస్తూ మళ్లీ అంది. పోనీలే, చెప్పిన మాట ఆవిడ ఎప్పుడు విన్నది గనక.

20 జనవరి

జోన్ మళ్లీ ఫోన్ చేసింది. మమ్మల్ని అదే స్టూడియోకి రమ్మంటున్నారు. పాత రికార్డు వేస్తారట, మేము పెదాలు, చేతులు కదపాలట. పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన చూపిస్తారట. లెస్, సిరిల్ చోట ఇద్దరు కుర్రాళ్లు గిటార్లు పట్టుకుంటారట.

నేను అడిగాను: మేము '65లో కూడా వచ్చాం, లైవ్‌గా వాయించాం, అది లేదా? కనుక్కుని చెప్పింది. ఆ టేపు చెరిపేసి దాని మీదే వంటల కార్యక్రమం రికార్డు చేశారట. ఆ రోజుల్లో టేపు ఖరీదుగా ఉండేదని సర్దిచెప్పింది.

"అయితే ఇప్పుడు లైవ్‌గా వాయిస్తాం. లేదంటే నేను రానమ్మా" అన్నాను.

రిసీవర్ ఠక్కున పెట్టేశాను. ఈ వయసులో ఇంత కోపం ఎక్కడ దాక్కుందో.

23 జనవరి, శనివారం

రోలాండ్‌తో గొడవ. అదీ చిప్స్ షాపులో, అందరి ముందూ.

వాడు రికార్డుకే పెదాలు కదుపుదామంటాడు. '64లో అలా ఊగడం కోతి వేషమని పెద్దగా అరిచింది వాడే. ఇప్పుడేమో కోతి వేషమే వేద్దామంటున్నాడు.

"నీకేంరా, రికార్డులో గొంతు నీదే. చేతులు నావి కావు" అన్నాను.

"జనం చేతులు చూడర్రా వెర్న్, మొహం చూస్తారు."

"మొహమే చూపించాలనుకుంటే ఫోటో పంపించు."

వాడి ప్లేటులో ఆలూ ప్యాటీ చల్లారిపోయింది, ముట్టుకోలేదు. టీ మాత్రం చిన్న చిన్న గుక్కలుగా తాగాడు. "నువ్వు రాకపోతే ఆ డ్రమ్స్ వెనకాల ఇంకెవడినో కూర్చోబెడతార్లే" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది.

24 జనవరి, ఆదివారం

ఎవ్రిల్ రోస్టు బీఫ్ కోస్తూ, '65లో ఏం జరిగిందో గుర్తుందా అని అడిగింది. గుర్తు లేకపోవడమేమిటి?

ఆ వసంతంలో ప్రోగ్రాం వాళ్లు రూల్ మార్చారు. ఇక నాటకాలు కుదరవు, వచ్చినవాళ్లు నిజంగానే వాయించాలన్నారు. సగం బ్యాండ్లకి చెమటలు పట్టాయి. అందరికంటే ఎక్కువ నాకు. మా మేనేజరు నాకు టాన్సిల్స్ అని చెప్పి, లండన్ పెద్దమనిషిని మళ్లీ పిలుద్దామన్నాడు. రోలాండ్ అప్పుడే వాన్‌లోంచి దిగుతున్నాడు. మళ్లీ ఎక్కి కూర్చున్నాడు. "వెర్న్ లేకపోతే నేను ఇంటికి పోతున్నా. పాట కూడా ఆ పెద్దమనిషినే పాడమనండి" అన్నాడు. మేనేజరు బతిమాలాడు, తిట్టాడు. వీడు వాన్ తలుపు వేసుకుని శాండ్‌విచ్ తింటూ కూర్చున్నాడు.

నేనే వాయించాను. కెమెరా మీద ఎర్ర దీపం వెలగగానే భయంతో పాటని పరుగెత్తించాను. రెండో చరణానికి రోలాండ్‌కి ఊపిరి అందక వెనక్కి తిరిగి, ఎక్కడికిరా ఈ తొందర అన్నట్టు కళ్లెగరేశాడు. నేను ఆగలేకపోయాను. వాడే నాతో పరుగెత్తాడు. లెస్ కేకేశాడు. ముందు డాన్స్ చేస్తున్న అమ్మాయిలు తడబడి, మళ్లీ అందుకున్నారు. వాళ్లల్లో ఆకుపచ్చ గౌను వేసుకుని, బెవర్లీ ఊరి నుంచి వచ్చిన అమ్మాయి ఇప్పుడు నా ముందు బీఫ్ కోస్తోంది.

"అప్పుడు ఎలా ఉంది? నిజం చెప్పు" అన్నాను.

"నా చెప్పు మడమ విరిగింది. అయినా ఆగలేదు" అంది. "నీకోసం వాడు వాన్‌లో కూర్చున్నాడు వెర్నన్. ఇప్పుడు వాడెందుకు వద్దంటున్నాడో నువ్వు అడిగావా?"

అడగలేదు.

29 జనవరి, శుక్రవారం

అడగడానికని వెళ్లాను. రోలాండ్ ఇంట్లో లేడు. వాడి భార్య థెల్మా వంటింట్లోకి రమ్మని, కుర్చీ చూపించి, తను కూర్చోకుండానే చెప్పేసింది.

"జలుబు కాదు వెర్న్. గొంతులో క్యాన్సర్. వచ్చే నెలలో స్వరపేటిక తీసేస్తారు. మొత్తం."

ఆపరేషన్ ఎక్కడ అని అడిగాను. కాసిల్ హిల్ ఆసుపత్రిలో అంది. పార్కింగ్ బాగుంటుందన్నాను. ఆ సమయంలో నా నోట వచ్చిన మాట అది.

"పిల్లలకి ఆయన పాడుతుంటే చూపించాలని ఆశ. మనవలెవరూ ఆయన పాట వినలేదు. ఇప్పుడు పాడితే కాకి అరుపు. ఆ రికార్డులో గొంతుంది, ఇక్కడ మనిషి ఉన్నాడు. ఒక్కసారి రెండూ కలిపి చూపిస్తే చాలంటాడు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. నేను అబద్ధపు ఒట్లు బాగా వేస్తాను."

30 జనవరి

జోన్‌కి ఫోన్ చేసి చెప్పాను. చేతులు కదపడానికి వస్తున్నాను.

9 ఫిబ్రవరి, మంగళవారం

మాంచెస్టర్ వెళ్లి వచ్చాం. దారంతా నేనే డ్రైవింగ్. థెల్మా చెప్పిందని నేను అనలేదు, నేనెందుకు మనసు మార్చుకున్నానని వాడూ అడగలేదు. పక్కన కూర్చుని నా గేర్లకి వంకలు పెట్టాడు. "లైసెన్సు ఎవడిచ్చాడ్రా నీకు?" అని గుసగుసగా. ఆ గుసగుసకి కూడా ఆయాసపడుతున్నాడు.

స్టూడియోలో రబ్బరు సింబల్స్. డ్రమ్ముల లోపల స్పాంజి కుక్కారు. హెడ్‌ఫోన్లు తగిలించుకున్న కుర్రాడు వచ్చి, "అంకుల్, మరీ గట్టిగా కొట్టకండేం" అన్నాడు. కొట్టనన్నాను. లెస్ చోట నిలబడ్డ కుర్రాడికి చెవి పోగు. లెస్ చూస్తే పగలబడి నవ్వేవాడు.

పాట మొదలైంది. స్పీకర్లలోంచి ఇరవై రెండేళ్ల రోలాండ్. మైకు ముందు యాభై ఏళ్ల రోలాండ్.

నేను వెనక నుంచి చూస్తున్నాను. మెడ నరాలు ఉబ్బాయి. పై స్వరం దగ్గర మడమలు లేచాయి, అప్పట్లో లేచినట్టే. వాడు పెదాలు కదపడం లేదు. పాడుతున్నాడు. చప్పుడు మాత్రం బయటికి రావడం లేదు, అంతే.

నేనూ ఆ లండన్ పెద్దమనిషి ప్రతి దెబ్బ వెంటా వెళ్లాను. ఒక్కటీ తప్పలేదు. ఇన్నేళ్లలో ఆ డ్రమ్స్‌ని కోపం లేకుండా వినడం ఇదే మొదటిసారి. ఎంత బాగా వాయించాడో మహానుభావుడు. రెండో చరణం ముందు చిన్న రోల్ ఒకటుంది, వాన చినుకుల్లా. ఇన్నాళ్లూ అది నా చెవికే ఎక్కలేదు.

డైరెక్టర్ చాలు, బ్రహ్మాండం అన్నాడు. రోలాండ్ వేలు చూపించాడు. ఇంకొక్కసారి.

వేశారు.

13 ఫిబ్రవరి, శనివారం

లంచ్ అయ్యాక రోలాండ్ గిటార్‌తో దిగాడు. గ్యారేజీలో నా డ్రమ్ముల మీద దుప్పటి కప్పి ఉంది. దాని మీద క్రిస్మస్ సామాన్లు. అన్నీ తనే దించాడు.

డాక్టర్ గొంతుకి రెస్ట్ ఇవ్వమన్నాడు కదరా అన్నాను.

"దాచుకుని ఏం చేసుకోన్రా? శుక్రవారం తీసి పారేస్తారు." ఒక్కో మాటా గీసుకుంటూ వస్తోంది. "వాయిస్తావా? మళ్లీ టాన్సిల్స్ వచ్చాయా?"

గిటార్ బాగా కిందికి శ్రుతి చేసుకున్నాడు. నేను షెల్ఫ్ మీదున్న క్యాసెట్ రికార్డర్ వైపు చెయ్యి చాచాను. వాడు తల అడ్డంగా ఊపాడు.

"వద్దు. దీన్ని ఎవడూ దాచనక్కర్లేదు."

పాడాడు. దాన్ని పాట అనాలో ఏమనాలో నాకు తెలియదు. సగం మాటలు, సగం గాలి. పై స్వరం దగ్గర ఏమీ రాలేదు, ఊరికే నోరు తెరిచాడు. అక్కడ నేను కర్రలు ఆపేశాను. ఆ ఖాళీని అలాగే ఉంచాను. తర్వాత ఇద్దరం కలిసి అందుకున్నాం.

రెండోసారి వాయిస్తుండగా మిసెస్ పాష్‌బీ తన లెసన్ కోసం వచ్చి గ్యారేజీ తలుపు దగ్గర నిలబడింది. కాసేపు చూసి, హ్యాండ్‌బ్యాగ్ వాషింగ్ మెషిన్ మీద పెట్టి, అక్కడే ఉన్న ఎవ్రిల్ చెయ్యి పట్టుకుని డాన్స్ మొదలుపెట్టింది. రౌండబౌట్ కంటే బాగానే తిరిగింది. రోలాండ్ పాడుతూ నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. పాట మాత్రం ఆపలేదు. నాకు కర్రలు సరిగా కనిపించలేదు. చేతులకి దారి తెలుసు కాబట్టి సరిపోయింది.

వెళ్తూ వెళ్తూ కారు దగ్గర, "నువ్వింకా పరిగెత్తిస్తున్నావురా" అన్నాడు.

నాతో వాడన్న చివరి మాట అది.

19 ఫిబ్రవరి

తీసేశారు. వాడు బాగానే ఉన్నాడని థెల్మా ఫోన్ చేసింది.

14 మార్చి, ఆదివారం, సాయంత్రం

రోలాండ్ ఇంట్లో అందరం ప్రోగ్రాం చూశాం. మెడకి తెల్లటి గుడ్డ కట్టుకుని, మనవలని చెరో పక్కనా కూర్చోబెట్టుకున్నాడు. టీవీలో పాత మొహం, కొత్త మొహం, ఒకటే గొంతు. చిన్న మనవరాలు టీవీ వైపు, తాత వైపు, మళ్లీ టీవీ వైపు చూసింది. "తాతా, ఇంత పెద్దగా అరుస్తావా నువ్వు?" అంది. వాడు గర్వంగా తల ఊపాడు. తర్వాత పలక మీద రాసి నాకు చూపించాడు: నీ మొహం ఒక్క క్షణం కూడా చూపించలేదు, నా అదృష్టం.

నిజమే. ఎడిటింగ్‌లో నేను పోయాను. మోచేయి ఒకటి మిగిలింది. విచిత్రంగా నాకేమీ అనిపించలేదు. థెల్మా చేసిన కేకు రెండు ముక్కలు తిన్నాను.

23 మార్చి

మధ్యాహ్నం ఫోన్ మోగింది. హలో అన్నాను. జవాబు లేదు. మళ్లీ అన్నాను. పెట్టేయబోతుంటే అవతల ఎవరో రిసీవర్ మీద గోటితో కొడుతున్న చప్పుడు.

నేనూ కొట్టాను.

చాలాసేపు మాట్లాడుకున్నాం.