కుక్క మెడలో పిల్ల చొక్కా

నా పేరు జూరాకాన్. వయసు డెబ్బై ఆరు, కాకపోతే డెబ్బై ఎనిమిది. నేను పుట్టిన ఏడు మంచుకు గొర్రెలన్నీ చచ్చాయని మా అమ్మ చెప్పేది, అలాంటి ఏళ్లు రెండొచ్చాయట. అలాయ్ లోయలో ఎగువ వీధి చివరి ఇల్లు మాది. మా ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఇంట్లో నేను, ఏడేళ్ల జిబెక్, ఒక ఆవు, పదకొండు గొర్రెలు, అక్తోష్ అనే కుక్క, మొన్ననే వచ్చిన పిల్లి. ఇంతే.

బిష్కెక్ పట్నంలో కుట్టుపని చేసుకుంటున్న నా కోడలు తాజిగుల్‌కు అత్త సలాములు చెప్పి రాయించేది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీరూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ఇంతవరకు చెప్పానో లేదో, రాస్తున్నావిడ కలం కింద పెట్టేసింది. రాస్తున్నది మన ఊరి నర్సు బాత్మా, నీకు పురుడు పోసిన మనిషే.

"ఆ ముక్క నేను రాయను పెద్దమ్మా" అంది.

"నోరు నాది, నీకేం నొప్పి?" అన్నాను.

"నోరు నీదే. అబద్ధానికి చేతిరాత నాదెందుకు కావాలి?" అంది.

సరే, రాసుకో అన్నాను. నేను క్షేమం. ఆవు క్షేమం. జిబెక్ బతికే ఉంది, నవ్వుతూనే ఉంది, కానీ క్షేమంగా లేదు. దాని కడుపులో ఒకటి పెరుగుతోంది. తాజిగుల్, కూర్చుని చదువు. చంటివాణ్ణి ఒళ్లోంచి దించి చదువు. అసలు మాట నా గొంతులోంచి ఒక్కసారిగా రాదు కాబట్టి ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పి మెల్లగా అక్కడికొస్తాను.

పిల్లి చేరిందా అని అడిగావు. చేరింది. మన బస్సు తోలే తుర్సున్ చెప్పుల పెట్టెలో తెచ్చి ఇచ్చాడు. పెట్టెకు చిల్లులు పొడిచావు, మంచి పని చేశావు. కనుమ దాటేదాకా అది అరుస్తూనే ఉందట, బస్సులో వాళ్లందరూ నీ పుట్టింటివాళ్లను తలుచుకున్నారట. ఇక్కడ దిగగానే నా పొయ్యి పక్కన చోటు చూసుకుంది. ఎవరినీ అడగలేదు.

కుక్కను వదిలించుకుని దీన్ని పెంచుకోమని రాశావు. పిల్లి శుభ్రమైంది అత్తయ్యా, నమాజు చాప మీద పడుకున్నా తప్పు లేదు, కుక్క ఉన్న ఇంట్లోకి దేవదూతలు రారు అని రాశావు. మా కుక్క ఇంట్లోకి ఎప్పుడొచ్చింది? గడప బయట పుట్టింది, గడప బయటే తింటుంది. దేవదూతలకు మా తలుపు తెరిచే ఉంది, వాళ్లే ఈ ఊరు రావడం మానేశారు. మా అమ్మ ఒక మాట చెప్పేది. కుక్క దేవుణ్ణి అడుగుతుందట, నా యజమానికి ఏడుగురు పిల్లల్నియ్యి, తలో ముక్క పారేసినా నా పొట్ట నిండుతుంది అని. పిల్లి అడుగుతుందట, నా యజమానికి కళ్లు పోగొట్టు, గిన్నెలో మూతి పెట్టినా కనబడకూడదు అని. నీ పిల్లి వచ్చిన వారానికే నాకు ఎడమకన్ను మసకేసింది. నేనేం అనడం లేదు, జరిగింది చెబుతున్నాను.

పోయిన చలికాలం తోడేళ్లు కొట్టం గోడ దాకా వచ్చినప్పుడు అక్తోష్‌కు ఒక చెవి సగం పోయింది. మన గొర్రె ఒక్కటి పోలేదు. పక్కింటివాళ్లవి నాలుగు పోయాయి. తోడేలు వస్తే నీ పిల్లి దానితో ఏం మాట్లాడుతుంది? అందుకే నేను కుక్క పక్షం, దాపరికం లేదు. కానీ నీ ఉత్తరంలో ఒక మాట నిజమైంది. కుక్క వల్ల పిల్లకు ఏదో అవుతుందని నాకు భయం అత్తయ్యా అని రాశావు. తెలిసి రాశావో, తల్లివి కాబట్టి ఊరికే తోచి రాశావో నాకు తెలియదు. ఆ వాక్యాన్ని రెండోసారి చదివించుకున్నాను. ఎందుకంటే అప్పటికే అయిపోయింది.

వసంతంలో, మంచు కరిగే రోజుల్లో, పిల్ల కుడిపక్క నొప్పి అనేది. పచ్చి పాలు ఎక్కువ తాగిందనుకున్నాను. బాత్మా వచ్చి పక్కటెముకల కింద నొక్కి చూసి, చేతులు కడుక్కుని, ఓష్ బస్సు ఎప్పుడుందని అడిగింది. నొక్కి చూసి బస్సు సంగతి అడిగే నర్సును చూస్తే నాకు భయం. ముగ్గురం తుర్సున్ బస్సులో ఓష్ ఆస్పత్రికి వెళ్లాం. పిల్ల పొట్ట మీద చల్లటి జిగురు రాసి, బొమ్మలు చూపే యంత్రంతో చూశారు. దాని కార్జంలో, అదే కాలేయంలో, ఒక నీళ్ల తిత్తి ఉంది. జల్దారు పండంత, చిన్న నిమ్మకాయంత.

డాక్టరు కుర్రవాడు, మర్యాదస్థుడు. "అవ్వా, ఇంట్లో కుక్క ఉందా?" అన్నాడు.

"కుక్క లేని ఇల్లు ఏ ఊళ్లో ఉంది?"

"గొర్రెను కోసినప్పుడు కార్జం మీద తెల్లటి నీటిబొబ్బలు కనబడితే ఆ కార్జం ఏం చేస్తారు?"

"ఏం చేస్తాం, మనిషి తినేది కాదు, కుక్కకు వేస్తాం. పారేస్తే పాపం కదూ."

అతను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆ బొబ్బల్లోదే కుక్క పేగుల్లో పురుగై పెరుగుతుందట. దాని గుడ్లు కుక్క బొచ్చుకు అంటుకుంటాయట. పిల్ల కుక్కను నిమిరి ఆ చేత్తోనే రొట్టె తింటుందట.

"ఆ గుడ్లు కంటికి కనబడతాయా?" అన్నాను.

"కనబడవు."

"కనబడనిదాన్ని నన్ను నమ్మమంటావా?"

"దేవుణ్ణి నమ్మడం లేదా అవ్వా?" అన్నాడు.

నా జన్మలో నా నోరు మూయించిన మనిషి అతనొక్కడే. కొల్‌ఖోజ్, అదే సర్కారు ఉమ్మడి సేద్యం, ఉన్న రోజుల్లో పశువుల డాక్టరు ఏడాదికి రెండుసార్లు వచ్చి కుక్కలన్నిటికీ మాత్రలు మింగించేవాడు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. కొల్‌ఖోజ్ పోయింది, అతనూ పోయాడు. కార్జాలు విసరడం మాత్రం మేం మానలేదు.

కోసి తీయాలి అన్నాడు. తీయకపోతే పెరుగుతుంది. గుర్రం మీదనుంచి పడ్డా, గట్టి దెబ్బ తగిలినా లోపలే పగలొచ్చు, పగిలితే బస్సు ఓష్ చేరేలోపే పిల్ల దక్కకపోవచ్చు అన్నాడు. ఇదంతా అన్నాక ఒక కాగితం ముందుకు తోశాడు. తల్లి గానీ తండ్రి గానీ సంతకం పెట్టాలి.

"నేనే తల్లిని" అన్నాను.

పక్కనున్న నర్సు ముసిముసిగా నవ్వి "మీ ఊరి నీళ్లు గొప్పవి అవ్వా" అంది. డాక్టరు నవ్వలేదు. పిల్లను అడిగాడు, మీ అమ్మ ఎవరమ్మా అని. జిబెక్ నావైపు వేలు చూపించింది. "మరి తాజిగుల్ ఎవరు?" అన్నాడు బాత్మా ఇచ్చిన చీటీ చూసి. "మా వదిన, పట్నంలో ఉంటుంది" అంది పిల్ల. బాత్మా గోడవైపు తిరిగిపోయింది.

తొలిచూలు బిడ్డ తాతానాయనమ్మల సొత్తు అన్న ఆచారాన్ని నేను పుట్టించలేదు. నా తొలి కొడుకును మా అత్త తీసుకుంది. వాడు ముప్పై ఏళ్లకు లారీ కింద పడి పోయాడు, పోయేదాకా నన్ను వదినా అనే పిలిచాడు. శవం దగ్గర కూడా మా అత్తే తల్లిగా ఏడ్చింది, నేను వచ్చినవాళ్లకు టీ పోశాను. ఆ మంట ఎలా ఉంటుందో తెలిసినదాన్ని. తెలిసీ నలభై రోజుల బిడ్డను నీ ఒళ్లోంచి తీసుకున్నాను. తెలిసీ దానికి వదినా అనే మాట నేర్పాను. ఇది కూడా రాయి బాత్మా, కలం ఆపకు.

ఇప్పుడు అసలు మాట. సంతకానికి నువ్వొస్తావు. వచ్చినదానివి పిల్లను ఇక్కడ వదలవు. కాబట్టి నేను నీకు చెప్పలేదు. ఆస్పత్రి మెట్లు దిగి పిల్లను నేరుగా ఎగువ మేతకు తీసుకుపోయాను. నాలుగు నెలలు గుడారంలో ఉన్నాం. జూన్‌లో బడి పంతులు చేత నీకు రాయించిన ఉత్తరంలో పిల్ల బొద్దుగా ఉంది, పొట్ట కూడా వచ్చింది అని ఉంది కదా. ఆ పొట్ట ఇదే.

ఆ నాలుగు నెలలు నేనెలా బతికానో దేవుడికి తెలుసు. తోడేలుకు భయపడలేదు, కరువేడు తౌడు తిన్నప్పుడు భయపడలేదు, మా ఆయన తాగి కొరడా ఎత్తితే ఆ కొరడానే లాక్కున్నాను. అలాంటిది ఇప్పుడు చిన్న గట్టును చూస్తే భయం. తడిసిన గడ్డిని చూస్తే భయం, పిల్ల కాలు జారుతుందని. ఎవరైనా బంతి విసిరితే పిల్లకు అడ్డం పోతాను. గుర్రం ఎక్కనివ్వలేదు, వాగు దూకనివ్వలేదు. నన్నెందుకు కట్టేశావమ్మా, నేను దూడనా అని ఏడ్చేది. రోజూ పొద్దున్నే నీళ్లు పోసే నెపంతో పొట్ట తడిమేదాన్ని. తగ్గింది అని చెప్పుకునేదాన్ని.

దిగువకు వచ్చాక నాకు ఒక ఆలోచన వచ్చింది. బాత్మా వద్దంది, నేను వినలేదు. నీకు గుర్తుందా, నలభయ్యో రోజున పిల్ల తొలి చొక్కా విప్పి, వేయించిన పిండిముక్కలు అందులో మూటగట్టి కుక్క మెడకు కట్టాం, వీధిలో పిల్లలంతా కేకలేస్తూ దాని వెంటపడ్డారు. పిల్ల రోగాలన్నీ కుక్క మోసుకుపోవాలని. అప్పటి కుక్క అక్తోష్ తల్లి. నిజంగానే మోసుకుపోయింది, ఆ తర్వాత రెండేళ్లకు వీధంతా తట్టు పోసినా జిబెక్‌కు పోయలేదు. మళ్లీ ఒకసారి మోసుకుపోతుందనుకున్నాను. పిల్ల ఎర్రచొక్కా అక్తోష్ మెడకు కట్టి, ఓష్ వెళ్లే బొగ్గు లారీ ఆపాను. కనుమ అవతల దించేయమన్నాను.

"చొక్కా వేసుకున్న కుక్కను ఎక్కించుకుంటే పెళ్లికొడుకును తీసుకెళ్తున్నానంటారు పెద్దమ్మా" అన్నాడు లారీవాడు.

"నీ కంటే ముందు అదే పెళ్లికూతుర్ని చూసుకుంటుందిలే, పోనీయ్" అన్నాను.

మూడు రోజులు పిల్ల అన్నం ముట్టలేదు. నాలుగో రోజు బాత్మాను పిలిచి నొక్కి చూడమన్నాను. తగ్గిందా అన్నాను. ఆవిడ పిడికిలి బిగించి నా ముందు పెట్టింది. ఇంత అయింది అంది.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం అక్తోష్ తిరిగొచ్చింది. కనుమ దాటి నడిచి వచ్చింది తాజిగుల్, అరికాళ్లు నెత్తురు కారుతున్నాయి. పిల్ల చెప్పుల్లేకుండా పరుగెత్తింది. నేను అరిచాను. నా అరుపుకు కుక్క ఇంకా హుషారెక్కి ముందుకాళ్లెత్తి దాని రొమ్ము మీదకు దూకింది. పిల్ల వెల్లకిలా మెట్టు మీద పడింది.

అది లేచేదాకా ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. తిత్తి పగిలింది, నేనే చంపుకున్నాను అనుకున్నాను. పిల్ల లేచి కుక్క మెడ పట్టుకుని "చూడమ్మా, నా చొక్కా తెచ్చింది" అంది. పీలికలైనా చొక్కా దాని మెడలోనే ఉంది.

ఆరోజే బాత్మాను కాగితం తెమ్మన్నాను, అది దొరికి రాయడానికి కూర్చునేసరికి రెండు రోజులైంది. కుక్కను కాల్చేయమని పక్కింటాయనను కూడా పిలిచాను. బాత్మా అడ్డం పడింది. "తప్పు కుక్కది కాదు పెద్దమ్మా, కార్జం విసిరిన చేతిది" అంది. మాత్ర మింగించింది, కొట్టం వెనక గొలుసుతో కట్టించింది. అది ఉండాలా పోవాలా అన్నది నువ్వు చెప్పు. నేను ఎదురు చెప్పను. ఇన్నాళ్లలో నేను నీకు ఎదురు చెప్పనన్నది ఇదే మొదటిసారి, గుర్తుపెట్టుకో.

పిల్లను పరుపు మీదనుంచి దిగనివ్వడం లేదు. నీ పిల్లి దాని పక్కనే పడుకుంటుంది, పగలంతా. దూకదు, గెంతదు, మెల్లగా గుర్రుమంటుంది. కదలకూడని మనిషికి కుక్క కంటే పిల్లి మంచిది. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

పోస్టాఫీసు టెలిఫోను తీగలు రాగికోసం ఎవడో కోసుకుపోయాడు, అందుకే ఉత్తరం. తుర్సున్ ఓష్‌లో పట్నం బస్సువాడి చేతికిస్తాడు. నా కొడుకు సరుకు లారీతో ఉత్తరానికి వెళ్లాడన్నావు, వాడికోసం ఆగకు. శుక్రవారం మేం ఓష్ ఆస్పత్రి గేటు దగ్గర ఉంటాం. పుట్టిన కాగితం నా పెట్టె అడుగున ఉంది. అందులో తల్లి అన్నచోట నీ పేరే ఉందని బాత్మా చదివి చెప్పింది. ఏడేళ్లుగా అది నా దగ్గరే ఉంది. చదువు రాదు కాబట్టి అందులో ఏముందో నాకు తెలియదని అనుకుంటూ వచ్చాను.

నిన్న పిల్లకు చెప్పాను. శుక్రవారం వచ్చేది వదిన కాదు, అమ్మ అని.

"ఎవరికి అమ్మ?" అంది.

"నీకు."

పిల్లి చెవి గోకింది. తర్వాత నా మొహంలోకి చూసి, "మరి నువ్వెవరు?" అంది.

మత్తు ఇచ్చి లోపలికి తీసుకెళ్లేముందు దానికి ఆ జవాబు తెలియాలి. నా నోట రాలేదు. కింద నా పేరు దగ్గర రాయిస్తున్నాను, నువ్వే దానికి చదివి వినిపించు. తొందరగా రా.

ఇట్లు,
జిబెక్ నాయనమ్మ

జూరాకాన్ కుడి బొటనవేలి ముద్ర

సాక్షులు:
బాత్మా, ఊరి నర్సు, ఈ ఉత్తరం రాసినది
తుర్సున్, బస్సు తోలేవాడు